‘రా’ ఒకరిది, ‘మ’ ఒకరిది

మా అమ్మమ్మ సాయంత్రం దీపం పెట్టాక విష్ణుసహస్రనామం చదివేది. చివరికొచ్చేసరికి గొంతు నెమ్మదించేది. “శ్రీరామ రామ రామేతి రమే రామే మనోరమే, సహస్రనామ తత్తుల్యం రామనామ వరాననే” అని మూడుసార్లు చెప్పి, పుస్తకం కళ్లకద్దుకుని, అట్ట మీద రాలిన కుంకుమను కొంగుతో తుడిచేది. పక్కన కూర్చుని నేనూ అనేదాన్ని. అందులో ‘రమే’ అంటే లక్ష్మీదేవి అనుకునేదాన్ని. రమ అంటే లక్ష్మే కదా, ‘ఓ రమా’ అని పిలుస్తున్నారేమో అని. ఎన్నో ఏళ్లు అలాగే చదివాను.

తర్వాత సంస్కృతం కాస్త నేర్చుకుంటే తెలిసింది, ఇక్కడ ‘రమే’ పేరు కాదు, క్రియ. ‘నేను రమిస్తున్నాను, ఆనందిస్తున్నాను’ అని. ‘రామే’ అంటే రాముడిలో. ‘మనోరమే’ అంటే మనసును మురిపించే ఆ రాముడిలో అనవచ్చు, పార్వతిని ‘ఓ మనోరమా’ అని పిలిచినట్టూ తీసుకోవచ్చు. ఈ మాట అంటున్నది శివుడు. వెయ్యి నామాలనూ పండితులు రోజూ ఏ సులువైన ఉపాయంతో చదువుతారని పార్వతి అడిగింది. ఆయన ఉపాయం కంటే ముందు తన అనుభవం చెప్పాడు. “రామ రామ అనుకుంటూ నేను హాయిగా ఉన్నాను” అన్నాడు. అది తెలిసిన రోజు ఆ శ్లోకం దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

ఇంకా లోపలికి వెళితే, ‘రామ’ అనే పేరు పుట్టిందీ ఆ ‘రమ్’ ధాతువులోంచే. “రమంతే యోగినోఽనంతే” అంటుంది రామతాపనీయోపనిషత్తు. యోగులు ఎవరిలో రమిస్తారో ఆయనే రాముడు. అంటే శివుడు ‘రమే రామే’ అన్నప్పుడు పేరుకు అర్థం చెప్పడం, ఆ అర్థాన్ని అనుభవించడం రెండూ ఒక్కసారే జరిగిపోయాయి.

ఈ శ్లోకానికి కటపయాది లెక్క కూడా చెబుతారు, అంటే ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె ఇచ్చే పద్ధతి. య, ర, ల, వ వరుసలో ‘ర’ రెండోది, ప వర్గంలో ‘మ’ అయిదోది. రెండైదులు పది. శ్లోకంలో ‘రామ’ మూడుసార్లు ఉంది కాబట్టి పది పదులు వంద, వంద పదులు వెయ్యి. వినడానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ కటపయాదిలో అంకెల్ని హెచ్చవేయరు, కుడి నుంచి ఎడమకు చదువుతారు. ఆ పద్ధతిలో ‘రామ’ అంటే 52. కర్ణాటక సంగీతంలో మేళకర్త రాగాల పేర్లలో మొదటి రెండక్షరాలూ ఇలాగే వాటి వరుస సంఖ్య చెబుతాయి. రామప్రియ 52వ మేళకర్త అయింది అందుకే. హెచ్చవేతను తప్పని కొట్టెయ్యను, అది భక్తుడి మురిపెం. నా మనసు మాత్రం ‘రమే’ దగ్గరే ఉంది.

అక్షరాల్లోకి ఇంకా లోతుగా దిగినవాడు త్యాగయ్య. ‘ఎవరని నిర్ణయించిరిరా’ కీర్తనలో, నిన్ను శివుడనుకున్నారో, మాధవుడనుకున్నారో, కమలభవుడనుకున్నారో, పరబ్రహ్మమనుకున్నారో అని రాముణ్ణే అడుగుతాడు. చరణంలో జవాబూ ఆయనే ఇస్తాడు: “శివ మంత్రమునకు మ జీవము, మాధవ మంత్రమునకు రా జీవము”.

ఒకసారి కాగితం మీద రాసి చూడండి. ‘నమశ్శివాయ’ లోంచి ‘మ’ తీసేస్తే మిగిలేది ‘న శివాయ’. శివమంటే శుభం. ఇక శుభానికి కాదు అని అర్థం వచ్చేస్తుంది. ‘నారాయణాయ’ లోంచి ‘రా’ తీసేస్తే ‘నాయణాయ’. అందులో ‘న అయనం’ వినిపిస్తుంది, అంటే చేరుకునే చోటు లేదని. ఒక్క అక్షరం పోతే మంత్రం ప్రాణం పోయి అర్థం తిరగబడుతుంది. అష్టాక్షరి నుంచి ‘రా’, పంచాక్షరి నుంచి ‘మ’, ఈ రెండు ప్రాణాలూ పక్కపక్కన చేరితే ‘రామ’. శివుడు గొప్పా, విష్ణువు గొప్పా అని వాదించుకునేవాళ్ల ముందు త్యాగయ్య పెద్ద ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. ఈ వివరం తెలిసిన ఘనులకు మొక్కుతానని మాత్రం అన్నాడు.

పాశ్చాత్య పద్ధతిలో పదాల చరిత్ర చదివినవాళ్లు, పేర్లు అలా అక్షరాలు ఏరుకుని పుట్టవని అంటారు. నిజమే. నిరుక్తి, అంటే పదాన్ని విడదీసి అర్థం, చెప్పే పెద్దలకు మాత్రం పేరు ఎలా పుట్టిందన్నది ఒక్కటే ప్రశ్న కాదు, ఆ పేరులో మనసు ఎంతసేపు నిలుస్తుందన్నదీ ప్రశ్నే. ఒకే నామానికి మూడు నాలుగు అర్థాలు చెప్పడానికి విష్ణుసహస్రనామం మీద శంకరుల భాష్యమూ వెనుకాడదు. కేశవ నామమే చూడండి. అందమైన కేశాలు కలవాడు ఒక అర్థం, కేశి అనే రాక్షసుణ్ణి చంపినవాడు ఒకటి, బ్రహ్మ, విష్ణు, ఈశులు ముగ్గురినీ వశంలో ఉంచుకున్నవాడు మరొకటి.

మన తెలుగులోనూ ఈ నామంలో ఒక తలుపు ఉంది. ‘రా’ అంటే మనకు పిలుపు. మొన్న నవమి పందిట్లో పానకం గ్లాసులు సర్దుతుంటే, వెనకాల ఎవరో పెద్దావిడ ‘రారా మాయింటిదాకా’ అందుకున్నారు. అదీ త్యాగయ్యదే. ఎన్నోసార్లు విన్నదే. ఆ రోజు మాత్రం మొదటి మాట దగ్గరే చెవి ఆగింది. ‘రారా మా’. అందులో ‘రామా’ ఉంది. త్యాగయ్య తలచి పెట్టాడో లేదో నేను చెప్పలేను. చేతిలో గ్లాసు అలాగే పట్టుకుని, ఆవిడ చరణంలోకి వెళ్లేదాకా నిలబడి విన్నాను.