డీపీఎఫ్ లైటు వెలగ్గానే డీపీఎఫ్ మార్చకండి

సరుకు వ్యాన్లు నడిపేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: "డీపీఎఫ్ జామ్ అయిందంటున్నారు, కొత్తది వేయించెయ్యమంటారా?" డీపీఎఫ్ అంటే డీజిల్ బండి పొగలోని మసిని పట్టే ఫిల్టర్. ముందు అది ఎందుకు జామ్ అయిందో తేల్చుకోండి అంటాను. అది తేలకుండా కొత్తది వేస్తే కొన్నాళ్లకి అదీ నిండిపోతుంది. మసి పుట్టేది ఇంజన్‌లో, డీపీఎఫ్ దాన్ని పట్టుకుంటుంది అంతే.

పొగలోని మసి డీపీఎఫ్‌లో పేరుకుంటుంది, ఒక స్థాయికి వచ్చాక దాన్ని అక్కడే కాల్చెయ్యాలి. కాలాలంటే లోపల వేడి దాదాపు 600 డిగ్రీల సెల్సియస్‌కి చేరాలి. హైవే మీద లోడుతో నిలకడగా పోయే బండిలో కొంత మసి దానంతటదే కాలిపోతూ ఉంటుంది గానీ వీధి వీధికీ ఆగి పార్సిళ్లు దించే వ్యాన్‌లో అంత వేడి ఎక్కడి నుంచి వస్తుంది? అందుకని ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్ అదనంగా కొంచెం డీజిల్ కొట్టించి వేడి పెంచుతుంది. రీజనరేషన్ అనేది ఇదే, మామూలుగా 10 నుంచి 20 నిమిషాలు పడుతుంది. అది జరుగుతున్నప్పుడు చాలా బళ్లలో ఐడ్లింగ్ కాస్త పెరుగుతుంది, రేడియేటర్ ఫ్యాన్ ఆగకుండా తిరుగుతుంది, కాలుతున్నట్టు వాసన వస్తుంది, బండి ఆగినప్పుడు ఇంజన్‌ని దానంతటదే ఆపే స్టార్ట్-స్టాప్ పనిచెయ్యడం మానేస్తుంది. ఈ గుర్తులు కనిపిస్తే దయచేసి ఇంజన్ ఆపకండి, వీలుంటే ఇంకాస్త దూరం తిరిగి రండి. ఇంకో సంగతి, ట్యాంకులో డీజిల్ బాగా తక్కువగా ఉంటే చాలా బళ్లలో రీజనరేషన్ అసలు మొదలే కాదు.

మాటిమాటికీ మధ్యలో ఆపేస్తే అది మళ్లీ మళ్లీ మొదలవుతుంది, ప్రతిసారీ ఆ అదనపు డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల మీదుగా జారి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ లెవెల్ తగ్గితే అందరూ కంగారుపడతారు. పెరిగితే మాత్రం "పర్లేదు, బాగానే ఉంది" అని డిప్‌స్టిక్ తుడిచి లోపల పెట్టేస్తారు. నా దృష్టిలో పెరగడమే ఎక్కువ ప్రమాదం. ఆయిల్ పల్చబడితే, ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బో బేరింగులకీ క్రాంక్ బేరింగులకీ రక్షణ పోతుంది. ఆయిల్‌లో మునిగి తిరిగే టైమింగ్ బెల్టు ఉన్న ఇంజన్లలో ఆ రబ్బరు మెత్తబడి పొడిపొడిగా రాలుతుంది, ఆ పొడి ఆయిల్ పంపు జాలీకి అడ్డం పడుతుంది, అప్పుడు వెలిగే ఆయిల్ ప్రెషర్ లైటుకి అసలు కారణం ఎక్కడో సగంలో ఆగిపోయిన రీజనరేషన్లలో ఉంటుంది. లెవెల్ మరీ పెరిగిపోతే ఇంజన్ తన ఆయిల్‌ని తానే పీల్చుకుని కాల్చేసుకోవడం మొదలుపెట్టొచ్చు, తాళం తీసినా ఆగదు. మాన్యువల్ గేర్ బండైతే బ్రేకు గట్టిగా తొక్కి, టాప్ గేరు వేసి, క్లచ్ వదిలేసి ఇంజన్‌ని ఆపెయ్యాలి. అలా ఆగకపోతే బండి దిగి దూరంగా వెళ్లిపోండి, బానెట్ తెరవొద్దు.

సరే, మసి ఎందుకు ఎక్కువవుతోంది? నేను మొదట చూసేది థర్మోస్టాట్, అంటే ఇంజన్ వేడిని అదుపులో ఉంచే వాల్వు. అది తెరుచుకునే ఉండిపోతే ఇంజన్ ఎంతసేపు నడిచినా 80, 90 డిగ్రీలకి రాదు, చల్లగానే తిరుగుతుంది. వేడెక్కని ఇంజన్‌లో కంప్యూటర్ రీజనరేషన్‌కి ఒప్పుకోదు. చిన్న పార్టు, పెద్దగా ఖర్చు కాదు, కానీ టెంపరేచర్ ముల్లు సగానికి రావడం లేదని ఎవరూ చెప్పరు, ఎందుకంటే ఇంజన్ వేడెక్కిపోతేనే కదా అందరికీ టెన్షన్. తర్వాత టర్బో నుంచి వచ్చే గాలి పైపులు. ఎక్కడో క్లిప్పు దగ్గర చిన్న చీలిక ఉంటే గాలి బయటికి పోతుంది, డీజిల్ మాత్రం పడుతూనే ఉంటుంది, దాంతో నల్ల పొగ, పుల్లింగ్ లేకపోవడం, లోడు మీద ఎత్తు ఎక్కుతుంటే ఈల లాంటి చప్పుడు. పైపు బయట ఆయిల్ తడి ఎక్కడ కనిపిస్తే అక్కడ చూడండి. ఆ తర్వాత ఈజీఆర్ వాల్వు, అంటే పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపేది. పొగలోని మసీ, ఇంజన్ నుంచి వచ్చే ఆయిల్ ఆవిరీ కలిసి తారులా గడ్డకట్టి వాల్వుని సగం తెరిచి పట్టేస్తాయి. ఇవన్నీ బాగున్నా డీపీఎఫ్‌కి అటూ ఇటూ ఒత్తిడి కొలిచే సెన్సర్ గొట్టాలు పగిలి ఉంటే కంప్యూటర్‌కి తప్పుడు లెక్క అందుతుంది, శుభ్రంగా ఉన్న డీపీఎఫ్‌ని కూడా జామ్ అయిందంటుంది.

చివరగా సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు, మనవాళ్లు నాజిళ్లు అనేవి. వాటన్నిటికీ డీజిల్ అందించే ఉమ్మడి గొట్టం, అంటే కామన్ రైల్‌లో డీజిల్ ఒత్తిడి 2,000 బార్ దాకా వెళ్తుంది, అంటే టైరులో గాలికి కొన్ని వందల రెట్లు. అంత ఒత్తిడిలో పనిచేసే పార్టులకి కాస్త నీరు, కంటికి కనపడని దుమ్ము చాలు పాడవడానికి. అందుకే డీజిల్ ఫిల్టర్ విషయంలో నేను అస్సలు రాజీ పడను, మంచిది వెయ్యాలి, టైముకి మార్చాలి, అడుగున చేరిన నీటిని వదలాలి. ఇంజెక్టర్ కారుతోందా లేదా అన్నది అనుమానంతో తేల్చే విషయం కాదు. నాలుగింటి రిటర్న్ గొట్టాలకీ నాలుగు సీసాలు తగిలించి కాసేపు నడిపితే ఏది ఎక్కువ డీజిల్ వెనక్కి పంపుతోందో కళ్లకి కనబడుతుంది. అది చెయ్యకుండా నాలుగూ మార్చెయ్యమంటే ఒప్పుకోకండి. మార్చాల్సి వస్తే కింద రాగి వాషర్ కొత్తది పడాలి, చాలా ఇంజన్లలో ఇంజెక్టర్ మీదున్న కోడ్ కంప్యూటర్‌లో ఎక్కించాలి. ఇంజన్ నడుస్తుండగా ఆ పైపుల దగ్గర లీకు ఉందేమోనని చేత్తో తడమొద్దు, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోంచి లోపలికి దూసుకుపోతుంది, చేతికే ముప్పు.

చలికి సెల్ఫ్ కొట్టగానే అందుకోక, అందుకున్నాక తెల్ల పొగతో వణుకుతుంటే, చల్లని ఇంజన్‌ని స్టార్ట్ చేసేందుకు లోపల వేడి పుట్టించే గ్లో ప్లగ్గులు చూపించండి. వాటిని విప్పేటప్పుడు ఇంజన్ వెచ్చగా ఉండాలి, లేకపోతే విరిగి హెడ్‌లో ఉండిపోతాయి. నీలం పొగ అయితే ఆయిల్ కాలుతున్నట్టు. యాడ్‌బ్లూ (పొగని శుభ్రం చెయ్యడానికి వాడే యూరియా ద్రావణం) ఉన్న బళ్లలో 32.5 శాతం యూరియా ఉన్న ద్రావణమే పోయాలి, దాన్ని పొరపాటున కూడా డీజిల్ ట్యాంకులో పోయొద్దు. పోసినట్టు తెలిస్తే తాళం కూడా తిప్పకుండా ట్యాంకు ఖాళీ చేయించాలి. న్యూట్రల్‌లో గడగడమని, క్లచ్ తొక్కగానే ఆగే చప్పుడైతే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్‌నో (ఇంజన్ అదురుని మింగే రెండు భాగాల చక్రం) గేర్‌బాక్స్ బేరింగునో అనుమానించాలి, క్లచ్ ప్లేటు ఒక్కటే మార్చి మూసెయ్యొద్దు.

సర్వీసు గడువు దగ్గర నాకు గట్టి అభిప్రాయమే ఉంది. రోజంతా ఇంజన్ ఆన్‌లో పెట్టి ఆగి ఆగి తిరిగే వ్యాన్‌కి కిలోమీటర్ల లెక్క సరిపోదు, మీటరు కదలకపోయినా ఆయిల్ మురికవుతూనే ఉంటుంది. అలాంటి బండికి కంపెనీ చెప్పిన గడువులో సగానికే ఆయిల్ మార్చమంటాను, అదీ డీపీఎఫ్‌కి సరిపడే తక్కువ బూడిద ఆయిల్, ఏసీఈఏ (ఆయిల్‌కి యూరప్ ప్రమాణం) సీ రకాల్లో మీ మాన్యువల్ చెప్పిన గ్రేడు. మసి కాలుతుంది గానీ ఆయిల్ నుంచి వచ్చే బూడిద కాలదు, డీపీఎఫ్‌లోనే ఉండిపోతుంది.

పాత వ్యాన్ కొనబోతుంటే మీరు వెళ్లేసరికి ఇంజన్ చల్లగా ఉండాలని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చెయ్యండి. చల్లగా ఉంటే డిప్‌స్టిక్ లెవెల్, దాని వాసన, తర్వాత సెల్ఫ్. తాళం తిప్పినప్పుడు ఇంజన్ లైటు ఒకసారి వెలగాలి, అసలు వెలగకపోతే ఎవరో దాన్ని ఆపి ఉంచారని అర్థం. సైలెన్సర్ చివర వేలితో రాస్తే దట్టంగా మసి అంటుకుందంటే డీపీఎఫ్ లోపల పగిలిందో, ఖాళీ చేసేశారో అయి ఉంటుంది. చాలా దేశాల్లో అలాంటి బండి రోడ్డు మీదికి రావడం చట్టవిరుద్ధం, తిరిగి పెట్టించే ఖర్చు మీ మీదే పడుతుంది.