పాత ఫోటో ప్రింటర్‌ని లేపాలంటే ముందు క్యాప్ చూడండి

ఏడాదో రెండేళ్లో మూలన పడి ఉన్న 24 అంగుళాల, 44 అంగుళాల ఫోటో ప్రింటర్ చేతికి రాగానే చాలామంది చేసే మొదటి పని ఒకటే. ప్లగ్గు పెట్టడం, ఆన్ చేయడం, మెనూలో పవర్ క్లీనింగ్ (ఇంకుని గట్టిగా లాగి శుభ్రం చేసే ఆప్షన్) నొక్కడం. బతకాల్సిన హెడ్డు (కాగితం మీద ఇంకు చిమ్మే భాగం) చాలాసార్లు అక్కడే దెబ్బతింటుంది. పని లేనప్పుడు హెడ్డుని మూసి ఉంచే రబ్బరు అంచు మూతే క్యాప్. ఎండితే అది హెడ్డుకి బిగుతుగా అతకదు. అతకకపోతే ఇంకుని లాగాల్సిన పంపు పక్కసందుల్లోంచి గాలి పీలుస్తుందే తప్ప ఇంకు కదలదు. హెడ్డుని తుడిచే వైపర్ మీద పెళుసుబారిన ఇంకు గరుకు కాగితంలా నాజిళ్ల (ఇంకు వచ్చే సన్నటి రంధ్రాల) మీద రుద్దుకుంటుంది. పది క్లీనింగులు అయ్యాక కార్ట్రిడ్జులు ఖాళీ, వేస్ట్ ట్యాంకు నిండు, ప్రింటులో తెగిన గీతలు మాత్రం ఎక్కడివక్కడే.

ఇక్కడ చెప్పేది ప్రధానంగా ఎప్సన్ స్టైలస్ ప్రో 7800, 9800 (2005), వాటి తర్వాత 2007లో వచ్చిన 7880, 9880 లాంటి యంత్రాల గురించి. ఎనిమిది పిగ్మెంట్ ఇంకులు (రంగు సన్నటి రేణువులుగా ఉండేవి), పీజో హెడ్డు (కరెంటుకి కదిలే పలకతో ఇంకుని నెట్టేది), రంగుకి 180 నాజిళ్లు. క్యానన్, హెచ్‌పీ పెద్ద ప్రింటర్లలో ఉండేవి థర్మల్ హెడ్లు, ఇంకుని వేడి చేసి చిమ్మేవి. వాటిని వాడేవాళ్లే తీసి మార్చుకోవచ్చు. హెచ్‌పీ జెడ్3100లో ఆరు హెడ్లు, ఒక్కోదానికి రెండు రంగులు. పోయిన హెడ్డుని కార్ట్రిడ్జ్ మార్చినట్టు మార్చేస్తారు కాబట్టి అక్కడ వైద్యం తక్కువ, కొనుగోలు ఎక్కువ. ఎప్సన్ పీజో హెడ్డు మాత్రం యంత్రంతో పాటు బతకాల్సిన భాగం. అందుకే ఇంత జాగ్రత్త.

హెడ్డుని క్యాప్ మీంచి పక్కకి జరపడంతో మొదలుపెట్టండి. చాలా మోడళ్లలో పంపు పక్కనున్న పళ్లచక్రాన్ని చేత్తో తిప్పితే హెడ్డుని మోసే క్యారేజ్ లాక్ దిగుతుంది. అది అందకపోతే ఆన్ చేసి, క్యారేజ్ ఎడమకి బయల్దేరిన క్షణంలో ప్లగ్గు పీకేయండి. ఇక చేత్తో కదులుతుంది.

క్యాపింగ్ స్టేషన్‌లో (క్యాప్ ఉండే చోట) తారులాంటి ముద్ద కనిపిస్తే కంగారు పడొద్దు, అది మామూలే. గోరువెచ్చటి డిస్టిల్డ్ వాటర్ కొన్ని చుక్కలు వేసి పది నిమిషాలు నాననిచ్చి, సిరంజితో లాగేయండి. నీళ్లు లేతరంగులోకి వచ్చేదాకా ఇదే పని. కుళాయి నీళ్లు వద్దు, ఆరాక వాటిలోని లవణాలు మిగిలిపోతాయి. దూది పుల్లలూ వద్దు, ఒక్క పోగు నాజిల్‌కి అడ్డంపడినా గీత వంకర పోతుంది. ఫోమ్ మొన ఉన్న పుల్లలు వాడండి. క్యాప్ అంచు రబ్బరు మెత్తగా, చీలిక లేకుండా ఉండాలి. వైపర్ అంచు తిన్నగా ఉండాలి. రెండిట్లో ఏది గట్టిపడినా శుభ్రం చేసి లాభం లేదు, మార్చాల్సిందే.

తర్వాత పంపు. క్యాపుల్లో 2 మి.లీ. క్లీనింగ్ ద్రవం పోసి, ఒక్కసారి మామూలు క్లీనింగ్ నడిపి, మళ్లీ హెడ్డు పక్కకి జరిపి చూడండి. ద్రవం మాయమైతే పంపు బతికే ఉంది. అలాగే నిలబడి ఉంటే క్యాప్ కింది గొట్టం మూసుకుపోయి ఉండాలి, లేదా పంపు లోపలి గొట్టం పగిలి ఉండాలి. ఆ గొట్టం ఊడదీసి వేస్ట్ ట్యాంకు వైపు సిరంజితో 5 మి.లీ. వెచ్చటి ద్రవం నెమ్మదిగా పంపిస్తే మూసుకుపోయిన సందర్భాల్లో దారి తెరుచుకుంటుంది. పగిలితే పంపు మొత్తం మార్చాలి. పంపు లాగకుండా హెడ్డు శుభ్రం చేయాలనుకోవడం కాలువ పూడిపోయి ఉండగా తూము ఎత్తినట్టే.

ఇప్పుడు నానబెట్టడం. క్యాపుల నిండా పిగ్మెంట్ ఇంకుకి తయారైన క్లీనింగ్ ద్రవం పోసి, హెడ్డుని దాని మీదకి తెచ్చి, రాత్రంతా వదిలేయండి. ఒట్టి ఆల్కహాల్ వాడొద్దు. పిగ్మెంట్ రేణువుల చుట్టూ ఉండే రెజిన్ పూత దానివల్ల ముద్దకట్టే ప్రమాదం ఉంది, పైగా అది త్వరగా ఆవిరైపోతుంది. థిన్నర్, అసిటోన్ అయితే హెడ్డులోని జిగురునే తినేస్తాయి. తెల్లారాక ఒక మామూలు క్లీనింగ్, ఒక నాజిల్ చెక్ (ఒక్కో నాజిల్‌తో ఒక్కో చిన్న గీత గీసే పరీక్ష ప్రింటు). అంతే, ఆగండి.

అసలు పని ఈ నాజిల్ చెక్ చదవడంలోనే ఉంది. మధ్యలో క్లీనింగ్ లేకుండా వరసగా మూడుసార్లు తీసి, మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టండి.

మూడిట్లోనూ అవే గీతలు అదే చోట మాయమై ఉంటే ఆ నాజిళ్లు మూసుకుపోయాయి. మళ్లీ నానబెడితే ఒక్కొక్కటే తెరుచుకోవచ్చు. ఖాళీలు ఒక్కోసారి ఒక్కోచోట కనిపిస్తే అది మూసుకుపోవడం కాదు, గాలి. దీనికి మందు క్లీనింగ్ కాదు. ఒక రాత్రి ముట్టుకోకుండా వదిలేస్తే బుడగలు చాలావరకు సర్దుకుంటాయి. క్లీనింగ్ మీద క్లీనింగ్ చేస్తే ఇంకా గాలి చేరుతుంది. మొదట బాగుండి, నిండురంగు బొమ్మ ఒకటి తీశాక గీతలు తెగితే హెడ్డుకి ఇంకు సరిపడా అందడం లేదని అర్థం. డ్యాంపర్ (గొట్టానికీ హెడ్డుకీ మధ్య ఇంకుని వడకట్టే చిన్న డబ్బా) జల్లెడ పూడి ఉంటుంది, లేదా గొట్టం ఎక్కడో నలిగి ఉంటుంది. ఒక రంగు గీతల్లో పక్క రంగు కలిసి కనిపిస్తే క్యాప్ నిండిపోయి అందులోని మురికి నాజిళ్లని తాకుతోంది, అంటే మళ్లీ పంపు దగ్గరికే రావాలి.

పసుపు గీతలు తెల్లకాగితం మీద కంటికి ఆనవు. నీలి ఎల్‌ఈడీ వెలుగులో చూడండి, నల్లగా తేలతాయి. పసుపు బాగానే ఉందనుకుని వదిలేసి, ఫోటోల్లో చర్మం రంగు ఎందుకు పాడైందో తెలియక కలర్ ప్రొఫైళ్లు (ఇంకుకీ కాగితానికీ తగ్గట్టు రంగులు సరిచేసే ఫైళ్లు) మార్చుకుంటూ కూర్చునేవాళ్లు తక్కువేం లేరు.

ఒక రంగు మొత్తానికే రాకపోతే డ్యాంపర్ ఖాళీ అయి ఉండొచ్చు, కరెంటు వైపు లోపమైనా కావచ్చు. తేల్చుకోవాలంటే ఆ రంగు డ్యాంపర్ తీసి, హెడ్డు మీది మొనకి మెత్తటి సిలికాన్ గొట్టం తొడిగి, పిస్టన్ తీసేసిన సిరంజిని దానికి పెట్టి 5 మి.లీ. వెచ్చటి ద్రవం పోయండి. హెడ్డు కింద నూగు రాలని తడిగుడ్డ ఉంచి, సిరంజిని 20 సెం.మీ. ఎత్తులో పట్టుకుంటే చాలు, ద్రవం బరువే పని చేస్తుంది. పిస్టన్ పెట్టి బొటనవేలితో నొక్కితే లోపలి పొరలు చిట్లుతాయి. గుడ్డ మీద ఆ రంగు వరస పొడుగునా సన్నటి గీత పడితే దారి బాగున్నట్టే. అయినా ప్రింటులో రాకపోతే రిబ్బన్ కేబులో, హెడ్డు డ్రైవరో (హెడ్డుని నడిపే సర్క్యూట్) పోయింది. కేబుల్ ఊడదీసి మళ్లీ సరిగ్గా కూర్చోబెట్టి చూడండి. హెడ్డే మార్చాల్సి వస్తే కొత్తదాని మీదుండే ఐడీ కోడ్ సర్వీస్ మోడ్‌లో ఎక్కించాలి, అలైన్‌మెంట్లన్నీ (ఇంకు చుక్కలు సరైన చోట పడేలా చేసే సర్దుబాట్లు) మొదట్నుంచీ చేయాలి.

ఈ పనులన్నిట్లో అసలు గండం తడి. హెడ్డు పైన రిబ్బన్ కేబుల్ కూర్చునే చోట ఒక్క చుక్క పడి, ఆరకముందే కరెంటు ఇస్తే హెడ్డు డ్రైవర్ కాలిపోతుంది. మెయిన్ బోర్డు మీది ఫ్యూజులూ దాంతోపాటే పోవచ్చు. పని మొదలయ్యే ముందే ప్లగ్గు పీకి, కనెక్టర్ చుట్టూ టిష్యూ మడిచి కట్టండి. అనుమానం ఉంటే ఒక రోజు ఆగండి.

డ్యాంపర్లు ఎనిమిదీ ఒకేసారి మార్చడం మేలు. అన్నీ ఒకే వయసువి కాబట్టి ఒకటి పూడితే మిగతావీ అదే దారిలో ఉంటాయి. కార్ట్రిడ్జులకి గాలి ఒత్తిడి ఇచ్చే మోడళ్లలో పవర్ ఆపి, కార్ట్రిడ్జ్ లివర్లు ఎత్తాకే ఇంకు లైన్ (గొట్టం) విప్పాలి, లేకపోతే ఇంకు చిమ్ముతుంది. గొట్టం చివర నట్టులో చిన్న ఓ రింగ్ ఉంటుంది. దాన్ని వేళ్లతో బిగించి ఆపైన కొద్దిగా తిప్పితే చాలు. గట్టిగా బిగిస్తే రింగ్ నలిగి, అక్కణ్నుంచే గాలి దూరుతుంది. ‘గాలి ఎక్కణ్నుంచి వస్తోందో తెలియడం లేదు’ అనే ఫిర్యాదుకి మూలం చాలాసార్లు ఈ నట్టే. డ్యాంపర్ బిగించాక దాని నోటికి సిరంజి పెట్టి, బుడగలు లేని ఇంకు వచ్చేదాకా నెమ్మదిగా లాగి, అప్పుడు హెడ్డు మీద నిటారుగా నొక్కండి.

గొట్టాల్లో ఏళ్లనాటి ఇంకు ఉంటే దాన్ని హెడ్డులోంచి లాగడం తెలివితక్కువ. పిగ్మెంట్ అడుగున పేరుకుని ఉంటుంది. మళ్లీ నింపుకునే ఖాళీ కార్ట్రిడ్జులు ఎనిమిదిట్లో క్లీనింగ్ ద్రవం పోసి, ముందు దాన్నే గొట్టాలగుండా పంపి, ఒక రోజు వదిలి, ఆ తర్వాత ఇంకు పెట్టండి. ఇంకు ఎనిమిది రంగులూ ఒకే తయారీవి, ఒకే రకానివి కావాలి. డై ఇంకూ (రంగు ద్రవంలో కరిగి ఉండేది) పిగ్మెంట్ ఇంకూ ఒకే గొట్టంలో కలవకూడదు. పెట్టిన కార్ట్రిడ్జిని ఆరు నెలల్లో వాడేయమని ఎప్సన్ చెబుతుంది. వాడకం తక్కువైతే పెద్ద కార్ట్రిడ్జులు లాభం కాదు. అప్పుడప్పుడు తీసి మెల్లగా అటూ ఇటూ వంచితే అడుగున చేరిన పిగ్మెంట్ కలుస్తుంది.

నలుపు విషయంలో ముందే ఒక నిర్ణయానికి రండి. ఈ మోడళ్లలో ఫోటో బ్లాక్, మ్యాట్ బ్లాక్ ఒకే లైన్ పంచుకుంటాయి. మార్చిన ప్రతిసారీ లైన్‌లో ఉన్న ఇంకంతా వేస్ట్ ట్యాంకులోకి పోతుంది. గ్లాసీ, లస్టర్ కాగితాలకి ఫోటో బ్లాక్, కాటన్ కాగితాలకి మ్యాట్ బ్లాక్. ఏదో ఒకటి పెట్టి దాంట్లోనే ఉండిపోవడం ఉత్తమం.

మెకానికల్ వైపు పని తక్కువే. క్యారేజ్ వెనక సాగే సన్నటి పారదర్శక ఎన్‌కోడర్ పట్టీ మీద గ్రీజు మరక పడితే హెడ్డు స్థానం తెలియక పక్కకి గుద్దుకుంటుంది, లేదా బొమ్మ ముక్కలుగా జరిగిపోతుంది. నీళ్లతో తడిపిన నూగు లేని గుడ్డతో తుడవండి. ఆల్కహాల్ వద్దు, దాని మీది గీతలే చెరిగిపోవచ్చు. నాజిళ్లన్నీ వచ్చాక, మీరు వాడబోయే కాగితం మీదే హెడ్ అలైన్‌మెంట్ చేయండి. బొమ్మలో సమాన దూరాల్లో తెల్ల చారలు వస్తే కాగితం ఎక్కువ జరుగుతోంది, ముదురు చారలు వస్తే తక్కువ జరుగుతోంది. పేపర్ ఫీడ్ సర్దుబాటుతో రెండూ పోతాయి. కాగితం అంచు లేచి హెడ్డుకి తగులుతుంటే ప్లాటెన్ గ్యాప్ (హెడ్డుకీ కాగితం కింది పలకకీ మధ్య దూరం) పెంచండి.

కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌కి ప్రింటర్ డ్రైవర్ సాఫ్ట్‌వేర్ దొరకకపోతే గుటెన్‌ప్రింట్ అనే ఉచిత డ్రైవర్ ఉంది. నలుపు తెలుపు ఫోటోలకి క్వాడ్‌టోన్‌రిప్ అనే సాఫ్ట్‌వేర్. ఎప్సన్ హెడ్డుకి ఫైల్ 360 లేదా 180 పీపీఐలో (అంగుళానికి అన్ని పిక్సెళ్లు) ఇవ్వండి. 24×36 అంగుళాల ప్రింటుకి 180లో అయితే 4320×6480 పిక్సెళ్లు. ఐసీసీ ప్రొఫైల్ (కలర్ ప్రొఫైల్) ఫోటో సాఫ్ట్‌వేర్‌లో పెడితే డ్రైవర్‌లో కలర్ మేనేజ్‌మెంట్ తప్పకుండా ఆపాలి. రెండుచోట్లా నడిస్తే ఫోటోకి మెజెంటా ఛాయ వస్తుంది. హెడ్డు పాతది, ఇంకు కొత్తది కాబట్టి తయారీదారు ఇచ్చిన ప్రొఫైల్ అచ్చంగా కుదరదు. కొలిచి సొంత ప్రొఫైల్ చేసుకోవాలి. రంగుల గడులుండే చార్ట్ ప్రింటు తీసి 24 గంటలు ఆరాకే కొలవండి, ఆరేకొద్దీ రంగు మారుతుంది.

ఇంతా చేశాక మళ్లీ నెలల తరబడి వదిలేస్తే కథ మొదటికొస్తుంది. గదిలో తేమ 40 నుంచి 60 శాతం ఉండాలి. రెండు మూడు రోజులకోసారి నాజిల్ చెక్, వారానికోసారి ఎనిమిది రంగులూ వాడే చిన్న పట్టీ ఒకటి తీయండి. ఆపేటప్పుడు ప్రింటర్ మీటతోనే ఆపి, హెడ్డు క్యాప్ మీద కూర్చున్న శబ్దం వినిపించాకే గోడ దగ్గర స్విచ్ తీయండి. నేరుగా గోడ దగ్గర తీస్తే హెడ్డు దారి మధ్యలో, నోరు తెరుచుకుని నిలబడిపోతుంది.