నాలుగు గంటలకోసారి రెండు మాత్రలు

మా అమ్మకు వచ్చింది స్ట్రోక్ అని వైద్యులు చెప్పినప్పుడు మేము నమ్మలేదు. పక్షవాతమంటే మూతి వంకరపోవాలి, చెయ్యో కాలో పడిపోవాలి. మాకు తెలిసిన లెక్క అదే. ఆమె రెండు చేతులూ ఎత్తుతోంది, అడిగినదానికి సమాధానం చెబుతోంది, తలనొప్పి తట్టుకోలేక కళ్లు మూసుకుని మూలుగుతోంది.

ఆ రోజు ఉదయం ఆరు గంటల ప్రాంతంలో, విశాఖపట్నం గోపాలపట్నంలోని మా డాబా మీద తడి దుప్పట్లు ఆరవేస్తూ ఆమె ఉన్నట్టుండి తల పట్టుకుని కూలబడిపోయింది. "వెనకనుంచి ఎవరో సుత్తితో కొట్టినట్టయిందిరా" అంది. వెంటనే రెండు వాంతులయ్యాయి. అమ్మకు 58 ఏళ్లు, పదేళ్లుగా బీపీ ఉంది, తలనొప్పులు కొత్త కావు. కానీ అవన్నీ మెల్లగా మొదలై పెరిగేవి, ఇది మొదలైన క్షణంలోనే భరించరానంత తీవ్రంగా వచ్చింది. ఆ తేడాను మేము పట్టుకోలేకపోయాము. పక్కింటి పిన్నిగారు పైత్యమన్నారు. దగ్గరలోని ఒక క్లినిక్‌లో బీపీ 180 ఉందని చూసి, నొప్పికి ఇంజెక్షను ఇచ్చి, గ్యాస్ మాత్ర రాసి ఇంటికి పంపించారు. మెడ వంగడం లేదని అమ్మ అన్న మాటను అక్కడ ఎవరూ పట్టించుకోలేదు. నిజానికి నేనూ పట్టించుకోలేదు.

మధ్యాహ్నం మూడు గంటలకు ఆమె ఎడమ కంటి రెప్ప వాలిపోయింది. మా చెల్లి వేలితో ఆ రెప్పను పైకెత్తి చూస్తే, లోపలి కంటిపాప కుడికంటి పాపకు దాదాపు రెట్టింపు ఉంది. అప్పటికే అమ్మ మగతలోకి జారుకుంటోంది. గుండెజబ్బు మనిషి కనుక మా మావయ్య జేబులో ఎప్పుడూ ఎకోస్ప్రిన్, అంటే రక్తం గడ్డకట్టకుండా చేసే ఆస్పిరిన్ మాత్ర, ఉంటుంది. ఒకటి నోట్లో వెయ్యమని ఆయన తీసేలోపే 108 వాహనం రావడంతో ఆ పని జరగలేదు. ఎన్ఏడీ కూడలి దాటి, మద్దిలపాలెం, హనుమంతవాక మీదుగా ఆరిలోవ వైపు ఉన్న ఆసుపత్రికి చేరేసరికి నాలుగయింది.

సీటీ స్కాన్‌లో, మెదడు అడుగుభాగాన నీరు ఉండి నల్లగా కనిపించవలసిన చోటంతా నక్షత్రం ఆకారంలో తెల్లగా ఉంది. అది రక్తం. నాలుగున్నర గంటల్లోపు ఒక ఇంజెక్షను ఇస్తే స్ట్రోక్ నయమవుతుందని ఎక్కడో విన్న మావయ్య, సమయం దాటిపోయినా సరే అది ఇవ్వండని వైద్యుడి చేతులు పట్టుకున్నారు. ఆయన ఓపికగా చెప్పారు. ఆ మందు గడ్డకట్టిన రక్తంతో నాళం మూసుకుపోయినవారికి, ఇక్కడ నాళమే చిట్లింది, ఈ రోగికి ఆ మందు ఇస్తే ప్రాణమే పోతుంది అన్నారు. జేబులోని ఎకోస్ప్రిన్ సంగతి మావయ్య ఇక ఎత్తలేదు.

సాయంత్రం చేసిన సీటీ యాంజియోగ్రామ్‌లో, అంటే రక్తనాళాలను చూపే స్కాన్‌లో, కారణం దొరికింది. మెదడుకు రక్తం తీసుకువెళ్లే ఎడమ కరోటిడ్ ధమని నుంచి వెనకవైపు కలిపే చిన్న కొమ్మ చీలేచోట 6 మిల్లీమీటర్ల ఎన్యూరిజం ఉంది. అంటే, పాత సైకిల్ ట్యూబు పలచబడిన చోట బుడిపెలా ఉబ్బినట్టు, నాళపు గోడ ఉబ్బి పగిలింది. కంటిని కదిలించే మూడో నాడి సరిగ్గా ఆ పక్కనుంచే వెళుతుంది కనుక రెప్ప వాలింది. పగిలినచోట తాత్కాలికంగా గడ్డకట్టి రక్తం ఆగింది, అయితే అది మళ్లీ పగిలే ప్రమాదం మొదటి 24 గంటల్లోనే అన్నిటికన్నా ఎక్కువ. ఆ రాత్రంతా గదిలో దీపాలు తగ్గించి, పై బీపీ 160 దాటకుండా మందు ఎక్కిస్తూ, దగ్గు రాకుండా, మలవిసర్జనకు ముక్కవలసిన అవసరం రాకుండా మందులిచ్చి ఆమెను కదలనివ్వకుండా ఉంచారు. మానిటరులో 158 కనిపిస్తే మా గుండె ఆగినంత పనయ్యేది.

రెండు దారులున్నాయన్నారు. ఒకటి పుర్రె తెరిచి బుడిపె మెడకు క్లిప్పు పెట్టడం. అమెరికాలో వాల్టర్ డాండీ 1937లో మొదటిసారి ఈ పని చేసినది కూడా మా అమ్మకులాగే కరోటిడ్ ధమని ఎన్యూరిజంతో కంటిరెప్ప వాలిన రోగికేనని తరువాత చదివాను. రెండోది, తొడ మొదట్లోని ధమని ద్వారా సన్నని గొట్టం మెదడు దాకా పంపి, బుడిపెలో ప్లాటినం తీగచుట్టలు నింపడం. గుయిడో గుగ్లియెల్మీ రూపొందించిన ఈ కాయిల్స్‌ను రోగులకు వాడటం 1990లో మొదలైంది. రెండు పద్ధతులకూ అనువుగా ఉన్న 2,143 మంది రోగులను పోల్చి 2002లో ప్రచురించిన ఐశాట్ పరిశీలనలో, ఏడాది తరువాత మరణించినవారు లేదా పరాధీనులైనవారు కాయిలింగ్ వర్గంలో 23.7 శాతం, క్లిప్పింగ్ వర్గంలో 30.6 శాతం. బుడిపె మెడ సన్నగా ఉందని మాకు కాయిలింగే సూచించారు. కాయిల్స్ ఎన్ని పడతాయో ముందు చెప్పలేమన్నందువల్ల ఖర్చెంతో తెలియకుండానే సంతకం పెట్టాను. మర్నాడు ఉదయం రెండున్నర గంటలు పట్టింది, అయిదు కాయిల్స్ పడ్డాయి.

బయటికి వచ్చిన వైద్యుడికి దణ్ణం పెట్టి, బంధువులందరికీ గండం గడిచిందని ఫోన్లు చేశాను. ఆ ఫోన్లు తొందరపడి చేసినవి. "మళ్లీ పగలకుండా చేశాం, అంతే. కారిన రక్తం తలలోనే ఉంది. నాలుగో రోజునుంచి పద్నాలుగో రోజు దాకా అది నాళాలను బిగుసుకుపోయేలా చేస్తుంది, అసలు పరీక్ష అప్పుడుంటుంది" అన్నారాయన.

ఆ బిగుతు చేసే నష్టాన్ని తగ్గించడానికే నిమోడిపిన్. నాలుగు గంటలకోసారి 30 మిల్లీగ్రాముల మాత్రలు రెండు, 21 రోజులు. మొత్తం 252 మాత్రలు. నర్సులు రాసుకుంటున్నా, మా చెల్లి తన నోటుపుస్తకంలో ఆరు గడులు గీసి తేదీలవారీగా టిక్కులు పెట్టేది. తెల్లవారుజామున రెండు గంటల మాత్రకు అమ్మను లేపడం పాపంలా అనిపించేది.

అయిదో రోజు రక్తంలోని సోడియం, అంటే ఉప్పు, 127కు పడిపోయింది. సెలైన్ ద్వారా ఉప్పు ఎక్కించారు, మాత్రలుగా ఉప్పు ఇచ్చారు. పదేళ్లు పచ్చడి ముట్టనివ్వని ఇంట్లో మాకిది మింగుడుపడలేదు. బీపీ మనిషికి ఉప్పా అని మావయ్య వాదనకు దిగారు. ఈ జబ్బులో ఉప్పు మూత్రంలో కొట్టుకుపోతుంది, నీళ్లు తగ్గించి సోడియం పెంచుదామంటే నాళాలు బిగుసుకున్నచోట రక్తం మరింత తగ్గుతుంది, అందుకే ఉప్పే ఇవ్వాలని వాళ్లు వివరించారు.

ఏడో రోజు సాయంత్రం అమ్మ "చెంబు కప్పు" అంది. చలిగా ఉందంది, దుప్పటి వైపే చూపిస్తోంది, నోటికి మాత్రం చెంబే వస్తోంది. కుడిచేతి పట్టు కూడా సడలింది. నేను నవ్వబోయాను, చెల్లి అప్పటికే నర్సును పిలవడానికి పరుగెత్తింది. ఎడమ మెదడు నాళాలు బిగుసుకున్నాయని, నాళాల్లో రక్తం వేగాన్ని చూసే డాప్లర్ పరీక్షలో తేలింది. మొదటి రాత్రి 160 దాటకూడదన్న అదే బీపీని ఇప్పుడు మందు ఎక్కించి 180కి పైగా పెంచారు. బుడిపె మూసేశారు కనుక పగులుతుందన్న భయం లేదు, సన్నబడిన నాళం గుండా రక్తం వెళ్లాలంటే ఒత్తిడి కావాలి. నిమోడిపిన్ రెండు మాత్రలు పడగానే బీపీ దిగిపోతున్నందువల్ల రెండు గంటలకొకటి చొప్పున మార్చారు; చెల్లి పుస్తకంలో ఆరు గడులు పన్నెండయ్యాయి. అర్ధరాత్రి దాటాక అమ్మ దుప్పటిని దుప్పటి అంది. చేతి పట్టు రావడానికి మరో మూడు రోజులు పట్టింది.

పదిహేడో రోజున ఇంటికి పంపారు. మిగిలిన మాత్రలు గోపాలపట్నంలోనే వేశాము. మా అమ్మమ్మకుగానీ, అమ్మ తోబుట్టువులకుగానీ ఇలా జరిగిందా అని అడిగారు. దగ్గరి రక్తసంబంధీకుల్లో ఇద్దరికి వచ్చి ఉంటే మాకూ పరీక్షలు చేయించేవారట. ఎవరికీ లేదు. నా సిగరెట్ సంగతి మాత్రం అడిగి రాసుకున్నారు, నేను అబద్ధం చెప్పలేకపోయాను.

రెప్ప మూడో నెలకు ముప్పాతిక వంతు తెరుచుకుంది. ఆరో నెలలో మళ్లీ యాంజియోగ్రామ్ చేసినప్పుడు తెర మీద కాయిల్స్ నల్లటి నూలు ఉండలా కనిపించాయి, బుడిపెలోకి రక్తం వెళ్లడం లేదు. బీపీ మాత్రలు కొనసాగించి ఉప్పు తగ్గించమని వైద్యుడు రాస్తుంటే, అప్పుడు మీరే కదా నాకు ఉప్పు ఎక్కించారని అమ్మ ఆయనను నిలదీసింది.