మా అన్న కూతుర్ని మళ్లీ బడిలో చేర్చడానికి నేను తిరిగిన తిరుగుడు

మాది కర్నూలు జిల్లా, ఆదోని వైపు పల్లె. దీపావళి దాటిందంటే ఊరు సగం ఖాళీ. పత్తి తీతకు, ఆ తర్వాత మిరప కోతకు గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు, ఉగాదికి గానీ రారు. మా అన్నా వదినా కూడా అంతే. చంటోడిని ఎత్తుకునేదానికని ఆరో తరగతి మధ్యలో పాపను తోడుకొని పోయినారు. రెండు సుగ్గులు గడిచినాయి. పాపకు పదమూడేళ్లు నిండినాయి.

"ఆడపిల్లను ఒక్కదాన్నే యాడ వదిలిపెట్టి పోయేది, చెప్పు?" అన్నాడు అన్న. నా దగ్గర జవాబు లేదు.

జూన్‌లో బడికి పోయినాను. చాన్నాళ్లు రాలేదని పేరు తీసేశామన్నారు. మండల ఆఫీసులో టీసీ తెమ్మన్నారు. తిరిగి బడికి వస్తే టీసీ రాసే సారు సెలవు. మూడు రోజుల కూలి పోయింది. ఆఖరికి బడుల పని చూసే ఒక సీఆర్పీ (క్లస్టర్ రిసోర్స్ పర్సన్) మేడమ్ చెప్పింది: ఆన్‌లైన్‌లో పాప పేరు బడి వదిలిన పిల్లల జాబితా అయిన డ్రాప్‌బాక్స్‌లో ఉంటుంది, చేర్చుకునే బడి దాన్ని అక్కడి నుంచే తీసుకోవచ్చు అని. ఈ ముక్క మొదటిరోజే ఎవరైనా చెప్పుండాల్సింది.

చట్టం సంగతీ ఆమే చెప్పింది. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. మధ్యలో మానేసిన పిల్లను వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి, పోయిన చదువుకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి: 4వ సెక్షన్. టీసీ ఆలస్యమైందని వద్దనకూడదు: 5వ సెక్షన్. వలస కుటుంబాల పిల్లల్ని చేర్పించే పని స్థానిక సంస్థది: 9వ సెక్షన్. ఇవన్నీ అర్జీలో రాసి, రెండో కాపీ మీద ముట్టినట్టు ముద్ర వేయించుకున్నాను. మీరూ ఆ ముద్ర లేకుండా బయటికి రావద్దు. నాలుగో రోజు ఫోన్ వచ్చింది. ఆడపిల్లలు అక్కడే ఉండి చదువుకునే కస్తూర్బా బాలికా విద్యాలయంలో ఎనిమిదో తరగతి.

"తల్లిదండ్రులదే తప్పు" అన్నాడు ఆఫీసులో ఒకాయన. నేను ఒప్పుకోను. అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే ఏ ఇంటి నుంచి ఎందరు వస్తున్నారో కూలీలను తోడుకొని పోయే మేస్త్రీ పుస్తకంలో రాసుకుంటాడు. మేస్త్రీకి తెలిసింది బడికి ఎందుకు తెలియదు? దీపావళికి ముందే ఆ లెక్క కనుక్కొని ఊర్లో వలసపోయినోళ్ల పిల్లలకు సీజనల్ హాస్టల్ తెరిచుంటే, అన్న పాపను వదిలిపెట్టే పోయేవాడు.

చేర్చిన రోజు అన్న వార్డెన్‌ను అడిగింది ఒకటే: "రాత్రిపూట పిల్లల దగ్గర ఎవరుంటారమ్మా?" ఆమె తన గది చూపించింది. అప్పుడు సంతకం పెట్టినాడు.

చంటోడికి ఇప్పుడు మూడేళ్లు. వాడి పేరు మా ఊరి అంగన్‌వాడీలో ఉంది. మిరప చేలకాడ వాడిని ఏ అంగన్‌వాడీ చేర్చుకుంటుందో కనుక్కోవాలి. ఇంకో అర్జీ రాసుకుంటున్నాను.