మడమ వెనక టెండన్‌లో ఎముక

కుడి మడమ పైన, పాత ఆపరేషన్ గాటు కింద, వేలితో నొక్కితే చింతగింజంత గట్టిగా తగులుతుంది. పక్కనుంచి తీసిన ఎక్స్‌రేలో అకిలిస్ టెండన్, అంటే పిక్క కండని మడమ ఎముకకి కలిపే గట్టి తాడు, దాని నడిమధ్యన తెల్లటి పలక. మా శ్రీకాకుళంలో దీనికి అందరి సలహా ఒకటే: ఒంట్లో సున్నం ఎక్కువైంది మాస్టారూ, పాలూ తాంబూలమూ మానేయండి. నేను మానలేదు. రక్తంలో కాల్షియం మామూలుగానే ఉంది. తేడా టెండన్ కణాలది.

టెండన్‌లో ఉండే మూలకణాలని స్క్లెరాక్సిస్, మోహాక్ అనే జన్యువులు దారి తప్పకుండా చూస్తాయి. మోహాక్ లేని ఎలుకలకి అకిలిస్ టెండన్‌లో ఎముక పుడుతుంది. గాయమైన చోట వాపు ఉండి, ఆక్సిజన్ తగ్గి, బీఎంపీ, టీజీఎఫ్-బీటా అనే ప్రోటీన్ల సంకేతాలు పెరిగితే ఆ కణాల్లో మృదులాస్థిని పుట్టించే సాక్స్-9 జన్యువు మేలుకుంటుంది. ముందు మృదులాస్థి తయారవుతుంది. తర్వాత రక్తనాళాలు చొరబడతాయి, ఎముకని పుట్టించే రన్ఎక్స్-2 జన్యువు పనిలో దిగుతుంది. చివరికి వచ్చేది అసలైన ఎముకే, లోపల మజ్జ కూడా ఉండొచ్చు. గర్భంలో శిశువు కాళ్ల ఎముకలు ఏర్పడే పద్ధతీ ఇదే. భుజంలో వచ్చే కాల్షియం ముద్ద వేరు. అది పేరుకున్న లవణం, ఒక్కోసారి దానంతటదే కరుగుతుంది. ఇది అలా కరిగేది కాదు.

డాక్టరుగారు మొదట నా కాలి బొటనవేళ్లు చూశారు. పుట్టుకతోనే పొట్టిగా, వంకరగా ఉంటే ఎఫ్‌ఓపీ, అంటే కండలూ టెండన్లూ ఎముకగా మారిపోయే అరుదైన జబ్బేమోనని అనుమానించాలట. ఏసీవీఆర్-1 జన్యువులో మార్పే దానికి కారణమని 2006లో తేలింది. ఆ జబ్బున్నవాళ్లకి ముక్క తీసి పరీక్షించినా, కండకి సూది వేసినా కొత్త ఎముక పుట్టొచ్చు. నా వేళ్లు బాగానే ఉన్నాయి. నాది గాయం తెచ్చిన ఎముక.

తీసేయొచ్చు, కానీ కొయ్యడమంటే మళ్లీ గాయమే. పలక పెద్దదైతే మిగిలే ఖాళీకి బొటనవేలిని వంచే టెండన్ తెచ్చి కుట్టాలి. ఇండోమెథాసిన్ అనే వాపు తగ్గించే మాత్రలు ఆపరేషన్ అయిన తొలిరోజుల్లో ఎముక పుట్టకుండా ఆపడానికే, ముదిరినదాన్ని కరిగించవు. అందుకని వ్యాయామమే.

రెండు కాళ్లకీ మడమ కింద సెంటీమీటరు మందం మెత్త పెట్టుకోవాలి. "మెట్టు అంచు మీద వద్దు మాస్టారూ, చదును నేల చాలు," అన్నాడు ఫిజియో. రెండు మునివేళ్ల మీదా లేచి, బరువు కుడికాలికి మార్చి, నెమ్మదిగా మడమ దించాలి. మోకాలు చాపి పదిహేనేసి చొప్పున మూడు విడతలు, కాస్త వంచి మళ్లీ అన్ని. రోజుకి రెండు పూటలు, పన్నెండు వారాలు. నొప్పి పదికి నాలుగు దాకా ఫర్వాలేదు గానీ మర్నాటి పొద్దుటికి దిగాలి. దిగకపోతే ఒక విడత తగ్గించాలి. గెంతకూడదు, ఆ పలక విరగొచ్చు. నూనె రాసి నరం లాగేవాళ్ల జోలికి అసలు పోవద్దు. చితికిన చోటల్లా మళ్లీ వాపే.

పలక ఎక్స్‌రేలో అలాగే ఉంది. నొప్పి లేకుండా శాలిహుండం కొండ ఎక్కి దిగుతున్నాను. బూటు అంచు రాసుకుంటే మాత్రం వాస్తుంది, అందుకే వెనక పట్టీ లేని చెప్పులే. ఏ జ్వరానికైనా సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు రాయబోతే టెండన్ సంగతి ముందే చెబుతాను. ఆ జాతి మందులతో టెండన్ తెగే ప్రమాదం ఉంది.