ఇంగ్లీసు గుంట వెనకాల మూడు నెలలు

ముందే చెప్పేస్తాను. శ్రీకాకుళం జిల్లా కాని వాళ్లు ఈ టైటిల్ చూసి తప్పుగా అనుకోవద్దు. మా వైపు గుంట అంటే ఆడపిల్ల, గుంటడు అంటే మగపిల్లాడు. తిట్టు కాదు, ముద్దు కూడా కాదు, ఉత్త మాట. ఆ అమ్మాయి అసలు పేరు ఇక్కడ రాయను. రాసినా లాభం లేదు, మా ఊళ్లో మామ్మలెవరికీ ఆ పేరు నోరు తిరగలేదు. ఇంగ్లీసు గుంట అనే పిలిచారు. "నేను ఇంగ్లీష్ కాదు, స్కాటిష్" అని మొదటి వారమంతా సరిదిద్దింది. రెండో వారం నుంచి మానేసింది.

2023 జనవరి మొదట్లో పలాస స్టేషన్‌లో దిగింది. సోంపేట దగ్గర నేను పని చేసే చిన్న సంస్థకి మూడు నెలల ఇంటర్న్‌గా వచ్చింది. అప్పుడు నా జీతం నెలకి 9,000. పొదుపు సంఘాల లెక్కలు చూడటం, కిడ్నీ జబ్బు ఉన్న ఇళ్లకి వెళ్లి మాత్రలు వేసుకుంటున్నారో లేదో కనుక్కోవడం నా పని. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత బీఎస్సీ. ఆఫీసులో నాకన్నా ఇంగ్లీషు వచ్చినవాళ్లు లేరు కాబట్టి మా సార్ నన్ను ఆ అమ్మాయికి కట్టేశారు. "మాట మార్చి చెప్పడమే కదమ్మా" అన్నారు. అంతే అనుకున్నాను నేను కూడా.

మొదటి రోజు రామాలయం అరుగు మీద ఐదారుగురు ఆడవాళ్లు కూర్చున్నారు. ఈమె రైల్లో బట్టీ పట్టిన వాక్యం చెప్పింది: "నమస్కారం, నేను ఇంటర్న్."

ఒక మామ్మ ఆమెని కింద నుంచి పై దాకా చూసి, "ఇంత పొడుగుంది, ఇంకా ఇంటరేనేటే? తప్పిందేటి?" అంది.

ఇంటర్ కాదు మామ్మా, డిగ్రీ చదువుతోంది, పని నేర్చుకోవడానికి వచ్చింది అని చెప్పాను. "ఏ పని?" అంది మామ్మ. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. మూడు నెలలయ్యాక కూడా సరైన జవాబు దొరకలేదు.

ఇంటర్న్ అనే మాట పనికి రాలేదని, మర్నాడు నాకు చెప్పకుండా మాట మార్చేసింది. నేను కొళాయి దగ్గర చెప్పులు కడుక్కుని వచ్చేలోపు "ఐ యామ్ ఎ వాలంటీర్" అనేసింది. ఇక చూడండి. అప్పట్లో ఆంధ్రాలో వాలంటీర్ అంటే ఒకటే అర్థం: ఒకటో తారీఖున పొద్దున్నే తలుపు కొట్టి పింఛను చేతిలో పెట్టే మనిషి. ఊళ్లో 50 ఇళ్లకి ఒకరు. పైగా సరిగ్గా ఆ జనవరి నుంచే వృద్ధాప్య పింఛను 2,500 నుంచి 2,750 అయింది. నేను వచ్చేసరికి నలుగురు ముసలమ్మలు ఆధార్ కార్డులు పట్టుకుని వరసలో నిలబడ్డారు. మా వీధి వాలంటీర్ కుర్రాడు సైకిల్ దిగి, మొహం మాడ్చుకుని, "నన్ను తీసేశారా అక్కా?" అని అడిగాడు. వాడికి సర్దిచెప్పడానికే అరగంట పట్టింది.

మూడో మాట ఎన్జీవో. అది నేనే అన్నాను, తప్పు నాదే. అరుగు చివర కూర్చున్న రిటైర్డ్ మాస్టారు పేపరు కిందకి దించి, "ఎన్జీవో వాళ్లా? పీఆర్సీ బకాయిలు ఎప్పుడిస్తారట?" అన్నారు. మన దగ్గర ఎన్జీవో అంటే గవర్నమెంటు ఉద్యోగుల సంఘమే కదా. చివరికి ఊరికి అర్థమైంది ఇది: ఈ గుంట దేశం కాని దేశం నుంచి వచ్చింది, గవర్నమెంటు కాదు, డబ్బులివ్వదు, ప్రశ్నలడుగుతుంది.

డబ్బులివ్వకపోవడమే కాదు, ఆమే డబ్బు కట్టి వచ్చింది. ఆ సంగతి నాకు పదిహేను రోజుల తర్వాత తెలిసింది. వాళ్ల దేశంలో ఒక కంపెనీ ఇలా పిల్లల్ని పంపిస్తుందట, దానికి ఆమె కట్టిన ఫీజు నా ఏడాది జీతం కన్నా ఎక్కువ. అందులో మా సంస్థకి చేరింది ఆమె తిండికీ గది అద్దెకీ సరిపోయింది, అంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కోపమా అంటే కోపం కాదు. ఏంటో చెప్పలేను. మర్నాడు ఆ విషయం మామ్మకి చెప్పాను. (మామ్మ అంటే నా సొంత మామ్మ కాదు, ఇంటర్ తప్పిందా అని అడిగిన ఆవిడే. ఇక్కడి నుంచి మామ్మ అంటే ఆవిడే.) మామ్మ చాలాసేపు ఆలోచించి, "మట్టి పనికెల్తే మనకి రోజుకి 257 ఇస్తారు. ఈ గుంట ఎదురిచ్చి పని సేస్తాదా? ఆళ్లమ్మ ఏటనలేదా?" అంది. ఆమె అమ్మ ఏమందో నేను అడగలేదు.

జనవరి సగం సంక్రాంతికి పోయింది. మిగతా సగంలో ఆమెకి పది రోజులు కడుపు బాగోలేదు. కారణం మేమంతా నీళ్లే అన్నాం, ఆమె మాత్రం ఎండుచేపల పులుసు అంది. చోడి అంబలి, అంటే రాగి అంబలి, ఒక్కటే నిలిచింది కడుపులో. ఆ అంబలి నేర్చుకునే వెళ్లింది, ఇప్పుడు అక్కడ కూడా కాస్తుందట, చోళ్ల పిండి ఇండియన్ షాపులో దొరుకుతుందని ఫొటో పెట్టింది.

ఫిబ్రవరిలో సర్వే మొదలుపెట్టాం. నలభై ప్రశ్నలు. యూనివర్సిటీలో కూర్చుని తయారు చేసిన ప్రశ్నలు. సగం బాగానే ఉన్నాయి: ఎన్ని ఎకరాలు, ఎంతమంది, నీళ్లు ఎక్కడ పట్టుకుంటారు. తంటా అంతా ఇరవై ఎనిమిదో ప్రశ్నతో. మీ జీవితంతో మీరు ఎంత సంతృప్తిగా ఉన్నారు, ఒకటి నుంచి ఐదు లోపల చెప్పండి.

సంతృప్తి అనే మాట మా ఊళ్లో భోజనాల దగ్గర తప్ప వినపడదు. మొదటి ఇంట్లో ఆ మాటే వాడితే, "ఇంకా వంట అవలేదమ్మా, కూకోండి" అన్నారు. తర్వాత సంతోషం అని చూశాను. "ఎవరికి?" అన్నారు. చివరికి, ఐదు రూపాయలుంటే అందులో మీది ఎన్ని రూపాయల సంతోషం అని అడగడం మొదలుపెట్టాను. అది పని చేసింది, కానీ జనం బేరాలాడారు. జీడితోట ఉన్న ఒకాయన, "మూడున్నర. బస్తాకి 16 వేలు పలికితే ఐదు రాసుకో" అన్నాడు. 80 కిలోల జీడిపిక్కల బస్తాకి ఆ రేటు కావాలని రైతులు అడుగుతున్న రోజులవి. ఆమె మూడున్నర ఒప్పుకోదు. రూల్ ప్రకారం మూడో నాలుగో కావాలి. ఆయన నాలుగుకి రాడు. నేను మధ్యలో కూరల కొట్టు దగ్గర నిలబడ్డట్టు నిలబడ్డాను.

మా ప్రాంతాన్ని ఉద్దానం అంటారు. తెలియనివాళ్ల కోసం ఒక మాట. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఈ వైపంతా కొబ్బరి, జీడి, పనస తోటలు. బస్సులో వెళ్తూ చూస్తే కోనసీమ అనుకుంటారు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా నాన్న కొబ్బరి చెట్లు నలభై రెండు, తెల్లారేసరికి నిలబడినవి మూడు. కొబ్బరి మొక్క పెడితే కాపుకి రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. ఈ అమ్మాయి వచ్చిన 2023కి మొక్కలు మనిషెత్తు దాటాయి గానీ కాయలు లేవు. ఆ టైంలో సంతృప్తి అడగడం ఎలా ఉంటుందంటే, పంట కల్లంలో ఉండగా వాన పడుతుంటే కొలత అడిగినట్టు.

రెండోది కిడ్నీ. ఈ జబ్బు ఇక్కడ ఇరవై ఏళ్ల పైమాటే. పొలం పని చేసే మామూలు మనుషులకి, షుగరు, బీపీ లేనివాళ్లకి కూడా వస్తుంది. నీళ్లంటారు, నీళ్లలో సిలికా అంటారు, పురుగు మందులంటారు, ఎండలో చెమటోడ్చి నీళ్లు తాగకపోవడం అంటారు, నొప్పి మాత్రలంటారు. ఇదీ కారణం అని ఎవరూ తేల్చలేదు. కిడ్నీ ఎలా పనిచేస్తోందో రక్త పరీక్షలో తెలిపే అంకె క్రియాటినిన్. మా దగ్గర పరీక్షలో మార్కులు అడిగినట్టు "నీ క్రియాటిన్ ఎంత?" అని అడుగుతారు. చదువు లేనివాళ్లు కూడా ఒకటి పాయింట్ నాలుగు, ఆరు పాయింట్ రెండు అని దశాంశాలతో సహా చెప్తారు.

మామ్మ పెద్దకొడుకు 2016లో పోయాడు. చిన్నకొడుకు వారానికి మూడుసార్లు సోంపేట ఆస్పత్రికి డయాలసిస్‌కి వెళ్లి వస్తాడు. అప్పట్లో డయాలసిస్ మీద ఉన్నవాళ్లకి నెలకి 10,000 పింఛను వచ్చేది, దాంతోనే ఇల్లు నడిచేది. పలాసలో 200 పడకల ఆస్పత్రి ఇంకా కడుతున్నారు. అది ఆ ఏడాది డిసెంబర్‌లో తెరిచారు.

మేం మామ్మ ఇంటికి వెళ్లిన రోజు ఆవిడ ముందు ఒక ప్రశ్న వేసింది. మా దగ్గర నలభై ఉన్నాయి, ఆవిడ దగ్గర ఒకటే.

"ఇదివరకు గూడా వొచ్చారే, కార్లల్లోని. రగతం తీసుకెల్లారు, ఉచ్చ తీసుకెల్లారు, నూతిలో నీల్లు సీసాల్లో పట్టుకెల్లారు. ఏటుందో సెప్పలేదు. ఒక్క కాయితం రానేదు. ఈ గుంట గూడా రాసుకుని ఎలిపోతాదా?"

నేను దాన్ని ఇంగ్లీషులో చెప్పలేదు. "ఆవిడ సర్వే దేనికని అడుగుతోంది" అన్నాను. ఆమె నవ్వుతూ, గోప్యత, పరిశోధన అంటూ ఒక పేరా చెప్పింది. దాన్ని నేను తెలుగులో "నీ పేరు బయటికి రాదంట మామ్మా" అన్నాను. ఇద్దరికీ సగం సగం. ఇద్దరూ నన్ను నమ్మారు.

ఇరవై ఎనిమిదో ప్రశ్న వచ్చింది. ఐదు రూపాయల లెక్క అడిగాను. మామ్మ ఏమీ అనలేదు. గోడ మీద పెద్దకొడుకు ఫొటో ఉంది, దాని వైపు కూడా చూడలేదు. లేచి పెరట్లోకి వెళ్లి లేత పనసకాయ ఒకటి కోసుకొచ్చి, జిగురు కారకుండా తొడిమకి గుడ్డ చుట్టి ఆమె చేతిలో పెట్టింది. "పొట్టు కూర సేసి పెట్టవే దీనికి" అంది నాతో.

"వాట్ డిడ్ షి సే?" అంది ఆమె, పెన్ను పట్టుకుని.

"త్రీ" అన్నాను.

ఎందుకు మూడు అంటే, మూడైతే ఎవరూ మళ్లీ అడగరు. ఒకటి అంటే ఎందుకు అని ఇంకో నాలుగు ప్రశ్నలుండేవి కింద. ఐదు అంటే అబద్ధమని తెలిసిపోతుంది. ఆ తర్వాత ఇంకొన్ని ఇళ్లలో కూడా, మనిషి మౌనంగా ఉంటే మూడు అనేశాను. ఎన్ని ఇళ్లలో అన్నానో లెక్క పెట్టుకోలేదు. పెట్టుకోవాల్సింది.

కానీ ఆ కార్ల మాట మాత్రం నాకు అరగలేదు. నాలుగు రోజుల తర్వాత, ఆఫీసు మెట్ల మీద పనసపొట్టు తరుగుతూ, మామ్మ నిజంగా ఏమడిగిందో చెప్పేశాను. రక్తం, నీళ్లు, రాని కాగితం, అన్నీ. ఆమె చేతులకి నూనె రాసుకోకుండా పనస ముట్టుకుని వేళ్లు అతుక్కుపోయి ఉంది. చాలాసేపు మాట్లాడలేదు. "అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అంది. నీ మొహం చిన్నబోతుందని అన్నాను. "అది నా మొహం కదా" అంది. నిజమే. మూడు సంగతి మాత్రం అప్పుడు కూడా చెప్పలేదు.

మార్చి చివర్లో వెళ్లిపోయింది. మూడు నెలల్లో ఊరికి ఏం చేసింది అని మా సార్ రిపోర్టు అడిగితే రాయడానికి నాకు పెద్దగా ఏమీ దొరకలేదు. పొదుపు సంఘాల లెక్కలన్నీ కంప్యూటర్లో ఎక్కించి, నాకు ఎక్సెల్ నేర్పింది. అది నా పనికి ఈరోజుకీ ఉపయోగపడుతోంది. పిల్లలకి బ్రష్ చేసుకోవడం మీద ఒక పాట నేర్పింది, వాళ్లకి పాట గుర్తుంది, బ్రష్షులే లేవు. ఇంత దూరం వచ్చి ఇంతేనా అంటే, మూడు నెలలకి ఎవరైనా ఇంతే. నన్ను స్కాట్లాండ్ పల్లెలో దింపితే మూడు నెలలకి నేను బస్సు టైములు నేర్చుకుని ఉంటాను, అంతకన్నా కాదు.

అక్టోబర్‌లో మెయిల్ వచ్చింది. మూడు పేజీలు. సర్వేలో ఏం తేలింది, ఏం తేలలేదు, చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో రాసింది. పైన ఒక లైను నాకు: దీన్ని తెలుగులో రాసి, ప్రింటు తీసి, మాట్లాడిన ప్రతి ఇంటికీ ఒక కాగితం ఇవ్వు, ముందు అందరికీ చదివి వినిపించు, ఏదీ మార్చకు. చివరి రెండు మాటల కింద గీత గీసింది.

రామాలయం దగ్గర చదివాను. నీళ్లు ఎంత దూరం నుంచి మోస్తున్నారో చదువుతుంటే తలలూపారు. ఆస్పత్రి బస్సు ఖర్చుల దగ్గర మామ్మ చిన్నకొడుకు "తక్కువ రాశారు" అన్నాడు. తర్వాత ఆ లైను వచ్చింది. జీవితం ఎలా ఉందని అడిగితే ఎక్కువమంది మూడు అన్నారు.

"నానెంతన్నానే?" అంది మామ్మ.

"మూడు మామ్మా."

"నానా?" అని నా మొహంలోకి చూసింది. నేను కాగితంలోకి చూశాను. "నానేటీ అననేదే. పనసకాయ ఇచ్చినాను."

పక్కవాళ్లు నవ్వారు. జీడితోట ఆయన తనది మూడున్నర అని అప్పటికీ గొడవ పెడుతున్నాడు. మామ్మ నవ్వలేదు, కోప్పడలేదు కూడా. "మరోపాలి నన్నడిగి రాయి" అంది. ఆ తర్వాత చెయ్యి చాపి తన కాగితం తీసుకుంది. చదువు రాదు ఆవిడకి. నాలుగు మడతలు పెట్టి, ఇంట్లోకి వెళ్లి, చిన్నకొడుకు డయాలసిస్ ఫైల్లో క్రియాటినిన్ రిపోర్టుల వెనకాల పెట్టుకుంది.