అమీర్‌పేట బాకీ మ్యూనిక్‌లో

హైదరాబాద్ నుంచి కొత్త కుర్రాడెవరైనా మ్యూనిక్‌లో దిగి మా వాట్సాప్ గ్రూపులో చేరితే, సోనా మసూరి ఎక్కడ దొరుకుతుందో చెప్పేకన్నా ముందే ఒక సలహా వెళ్తుంది: లాప్‌టాప్‌లో సినిమాలూ సాఫ్ట్‌వేర్లూ దించుకునే టొరెంట్ ప్రోగ్రాం ఉంటే తీసెయ్, ఆ తర్వాతే వైఫై పెట్టుకో. టొరెంట్‌లో మనం దించుకుంటున్న ఫైలు ముక్కలే అదే సమయంలో ఇంకొకరికీ వెళ్తుంటాయి. కాబట్టి జర్మనీలో మనమూ పంపిణీదారుల కిందే లెక్క. హక్కుదారుల లాయర్లు మన కనెక్షన్‌కి గుర్తుగా ఉండే ఐపీ అడ్రస్ పట్టుకుని, కోర్టు ఉత్తర్వుతో ఇంటర్నెట్ కంపెనీ నుంచి పేరు రాబడతారు. కొన్ని వందల యూరోలు కట్టమని ఉత్తరం వస్తుంది. దాన్ని 'అబ్‌మానుంగ్' అంటారు. అది వచ్చేది కనెక్షన్ ఎవరి పేరున ఉంటే వాళ్లకి. దించుకున్నది ఒకడు, ఉత్తరం అందుకున్నది రూమ్మేట్. దాంతో మాటలు మానేసిన వాళ్లూ ఉన్నారు.

కొన్నాళ్లకి అందరూ బుద్ధిమంతులైపోతారు. అదే కుర్రాళ్లు సెలవుకి కూకట్‌పల్లి వచ్చారంటే మళ్లీ క్రాక్ (లైసెన్సు తాళం విరగ్గొట్టిన కాపీ) వెతుకుతారు. భయమే తప్ప నీతేమీ మారలేదన్నమాట.

ఆఫీసులో నా పనిలో సగం లైసెన్సుల లెక్కే. ఎన్ని కొన్నాం, ఎందరు వాడుతున్నారు, ఆడిట్ వస్తే ఏం చూపించాలి. ఆ ఉద్యోగం వల్లే చిక్కడపల్లిలో మా బావ డీటీపీ షాపుకెళ్తే నాకు కూర్చోబుద్ధి కాదు. ఫోటోషాప్, కోరల్‌డ్రా లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్లు అన్నీ ఉన్నాయి, ఒక్కదానికీ బిల్లు లేదు.

"గా కంపెనోళ్లకు నా పైసలతోని ఏమొస్తదిరా? కోట్లున్నయ్ ఆళ్లకి" అంటాడు.

నిజం చెప్పాలంటే ఆ కంపెనీల మీద నాకూ జాలి లేదు. 1976లో బిల్ గేట్స్ కంప్యూటర్ ఔత్సాహికులకి బహిరంగ లేఖ రాసి, మీలో చాలామంది నా బేసిక్ అనే ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్‌ని దొంగిలిస్తున్నారని మొత్తుకున్నాడు. 1998లో అదే మనిషి చైనా గురించి మాట్లాడుతూ, ఎలాగూ దొంగిలిస్తారు కాబట్టి మాదే దొంగిలించనీ, అలవాటుపడ్డాక వసూలు చేసే దారి చూసుకుంటాం అన్న అర్థంలో చెప్పాడు. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులకి పేరుపడ్డ మైత్రీవనం చుట్టుపక్కల జరిగింది అదే. అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్‌లో మెషీన్ మీద ఉన్నది అసలా నకలా అని మా బ్యాచ్‌లో ఎవరూ అడగలేదు. అడిగినా, ఆ డాలర్ ధర కట్టగలిగిన ఇల్లు మాలో ఎవరికీ లేదు. అక్కడ చేయి తిరిగినవాళ్లం ఉద్యోగంలో చేరాక అదే సాఫ్ట్‌వేర్ కావాలంటాం. అమీర్‌పేటలో మేం కట్టని డబ్బు ఇప్పుడు మ్యూనిక్‌లో మా కంపెనీ కడుతోంది, ఏటేటా.

కానీ తెలుగు డీటీపీ సాఫ్ట్‌వేర్ రాసినవాడికి మ్యూనిక్ లేదు. అతని కొనుగోలుదారులందరూ చిక్కడపల్లిలోనో, ఛత్తా బజార్ శుభలేఖల ప్రెస్సుల్లోనో, బెజవాడలోనో ఉంటారు. వాళ్లు కాపీ చేసుకుంటే తర్వాత వసూలు చేసుకునే చోటు ఇంకెక్కడా లేదు. అందుకే ఆ రోజుల్లో భారతీయ భాషల సాఫ్ట్‌వేర్‌కి డాంగిల్ పెట్టేవాళ్లు. అది కంప్యూటర్ వెనక తగిలిస్తే తప్ప ప్రోగ్రాం తెరుచుకోదు. మనవాళ్లు దానికీ విరుగుడు కనిపెట్టారు. ఆ తెలివేదో ఇంకో మంచి ఫాంటు గీయడానికి వాడి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ కడుపుమంట. అన్ని భాషల అక్షరాలకీ ఒకే కోడ్ పద్ధతి అయిన యూనికోడ్ వచ్చాక పోతన 2000 లాంటి ఫాంట్లని చేసినవాళ్లే ఉచితంగా ఇచ్చారు. అది వాళ్లు ఇష్టపడి ఇచ్చింది, మనం లాక్కున్నది కాదు.

ఇంకో నష్టం ఉంది, దాన్ని ఎవరూ లెక్కలో వేయరు. అమెరికన్ ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టు ప్రకటించిన దగ్గర్నుంచి, ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పెరుగుతూనే ఉంది. హైదరాబాద్‌లో 'స్వేచ్ఛ' సంస్థ తెలుగులో ఆపరేటింగ్ సిస్టమే తెచ్చింది. అయితే నకలు ఫోటోషాప్ ఊరికే దొరుకుతుంటే అలాంటి పనే చేసే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ జింప్ నేర్చుకునే అవసరం ఎవరికి? ఊరికే ఇచ్చినవాడికి ఉన్న ఒకే ఒక్క పైచేయిని కూడా నకలు కాపీ లాగేసుకుంది.

బావకి ఇవన్నీ చెబితే ఆవలించాడు. చట్టం చెప్పాక కాస్త నిటారుగా కూర్చున్నాడు. మన కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ ప్రకారం నకలని తెలిసీ కంప్యూటర్‌లో ప్రోగ్రాం వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. లాభం కోసమో వ్యాపారంలోనో వాడకపోతే మాత్రం, తగిన కారణాలు రాసి, జైలు లేకుండా 50 వేలకి మించని జరిమానాతో కోర్టు వదిలేయొచ్చు. నేర్చుకునే పిల్లాడికీ షాపువాడికీ చట్టమే తేడా చూపించింది. ఆ గీతకి బావ ఏ వైపున్నాడో షాపు బోర్డే చెబుతోంది.

పెళ్లి ఆల్బమ్‌లు చేసే మెషీన్‌కి ఇప్పుడు నెలనెలా డబ్బు కడుతున్నాడు. రెండోదాంట్లో జింప్, కోరల్‌డ్రాకి బదులుగా ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్ వేశాం. షాపులో కుర్రాడికి షార్ట్‌కట్లు కుదరక నన్ను తిట్టుకుంటున్నాడట. కోరల్‌డ్రా సంగతి మాత్రం బావ నాకు చెప్పడం లేదు.